చెరువుకు ఎన్ని బారసాలలు!

మనిషికి పుట్టినప్పుడు ఒక్కసారి బారసాల చేస్తారు. చెరువుకు మాత్రం చచ్చేదాకా చేస్తూనే ఉంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఏ చెరువునైనా తీసుకోండి. ఎన్ని శాఖలుంటే అన్ని పేర్లు. ఒక్కో పేరు పెట్టినప్పుడల్లా ఓ పది గుంటలు తరుగు. మట్టి లారీలు రావడం తర్వాతి ముచ్చట. చెరువును ముందు మాటలతోనే పూడుస్తారు.

ఈ జ్ఞానం నాకు పుస్తకాలు చదివితే రాలేదు. మా బావమరిది ఫ్లాటు కొంటానంటే తోడు వెళ్లినందుకు వచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక వెంచర్. ఏసీ గదిలో బల్ల మీద అట్టముక్కల ఊరు, పక్కన టై కట్టుకున్న కుర్రాడు. నోరు తెరిస్తే చాలు ప్రీ లాంచ్, యూడీఎస్, క్లబ్ హౌస్, సూపర్ బిల్టప్. ఆ చివరిదాని అర్థం అడిగాను. లిఫ్టులో, మెట్లలో, వరండాలో మన వాటా కూడా కలిపితే వచ్చే కొలతట. లిఫ్టు ఆగిపోయి అరగంట ఇరుక్కున్నా బెంగ లేదన్న మాట, మన ఇంట్లోనే ఉన్నాం. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి, అదెంతో కొనేవాడికి చెప్పి తీరాలంది. చెప్తున్నారు కూడా. కాగితం మీద చిన్నక్షరాల్లో కార్పెట్, గోడ మీద పెద్దక్షరాల్లో సూపర్.

"లేక్ వ్యూ అన్నారు, లేక్ ఏదీ?" అన్నాను.

"ఇదిగోండి సార్, నీలం రంగు వేశాం కదా. వాటర్ బాడీ."

మా ఊళ్లో బాడీ అంటే ఒకటే అర్థం. ఆసుపత్రి గేటు ముందు నిలబడి "బాడీ ఎప్పుడిస్తారు?" అని అడుగుతారు. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదని బయటికొచ్చాక తెలిసింది.

బయట గేటు దగ్గర వాచ్‌మన్, డెబ్బై దాటిన మనిషి. బీడీ ఆర్పి లేచాడు. "సారూ, మీరు నిలబడ్డది తూము మీద. మా తాత గీ తూము తీసేటోడు, మూసేటోడు. గా టవర్ కాడ మత్తడి ఉండె. మత్తడి దుంకిందంటే ఊరంతా చూడనీకి వచ్చేది" అన్నాడు. నీరటికాళ్ల ఇంటి మనిషి. ఏ పొలానికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో చూసే పని ఆ కుటుంబానిది. ఇప్పుడు ఏ కారును లోపలికి వదలాలో చూస్తున్నాడు.

ఆయన నోటివెంట వచ్చిన మాటలు లెక్కపెట్టాను. కట్ట, తూము, మత్తడి, కాలువ, ఆయకట్టు, శిఖం. ఏ ఒక్కదానికీ అర్థం అడగాల్సిన పని లేదు, వేలు పెట్టి చూపిస్తే కనబడతాయి. వృత్తి పదమంటే అది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం తెచ్చినప్పుడు వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచే సేకరించారు. సెక్రటేరియట్‌కు వెళ్లి ఏరుకురాలేదు. వెళ్లి ఉంటే ఆ కోశంలో నాగలి స్థానంలో ‘భూమిని తిరగవేయు ఉపకరణము’ ఉండేది.

పెద్దాయన చివర్న అన్న శిఖం దగ్గర కాసేపు ఆగాలి. నిజాం కాలపు రెవెన్యూ మున్షీ రాసిన మాట అది. పారశీలో శికం అంటే కడుపు. చెరువు కడుపు, అంటే నీళ్లు నిలిచే జాగా. ఆ మున్షీ ఎంత లంచగొండి అయినా కానివ్వండి, చెరువుకు కడుపుంటుందని ఒప్పుకున్నాడు. కొన్నిచోట్ల ఆ కడుపులోనే రైతులకు పట్టాలూ ఉన్నాయి. నీళ్లు తీసినప్పుడు దున్నుకో, నిండినప్పుడు తప్పుకో అన్నది షరతు. దాని పేరు శిఖం పట్టా. మన బ్రోకర్లు ఈ రెండు మాటల్లో మొదటిది మింగేసి రెండోది మాత్రమే ఉచ్చరిస్తారు. "పక్కా పట్టా సార్!" కడుపు కొట్టడం అనే నుడికారం తెలుగులో ఎప్పట్నుంచో ఉంది గానీ, దానికి సర్వే నంబరు మాత్రం ఈమధ్యే వచ్చింది.

రెవెన్యూ వాళ్లకు పేర్ల పిచ్చి కొత్తది కాదు. రైతు మాగాణి, మెట్ట అంటాడు. మద్రాసు దొరల దస్త్రం తమిళం నుంచి తెచ్చి నంజ, పుంజ అంది. హైదరాబాద్ దస్త్రం తరి, ఖుష్కి అంది. అదే బురద, అదే దుమ్ము. పంట లెక్క రాసే పుస్తకం అక్కడ అడంగల్, ఇక్కడ పహాణీ. అక్కడ సెంట్లు, ఇక్కడ గుంటలు. లోకమంతా 2025 జూలై ఒకటిన లేస్తే, రెవెన్యూ దస్త్రం 1435 ఫసలీలో లేచింది, అక్బర్ పాదుషా ఇంకా తీరిగ్గా సిస్తు వసూలు చేస్తున్నట్టు. ఆంధ్రలో ఇంకో వింత ఉంది. రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో ఎవరో గుమాస్తా చుక్కలు పెట్టి వదిలేశాడు. వందేళ్లకు ఆ చుక్కలే ఒక భూమి జాతి అయ్యాయి. చుక్కల భూములు! వాటి కోసం 2017లో ఏకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. గుమాస్తా కలం ఆగిన పాపానికి రైతు రిజిస్ట్రేషన్ ఆగింది. ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టే శాస్త్రజ్ఞులు కూడా ఇంత కష్టపడి ఉండరు.

ఇరిగేషన్ శాఖ వారి బారసాల వేరు. వాళ్లకు శిఖం నచ్చదు, ఎఫ్‌టీఎల్ కావాలి. ఫుల్ ట్యాంక్ లెవెల్. మత్తడి దుంకేదాకా నిండితే ఎక్కడిదాకా నీరొస్తుందో అదే గీత. నీరటికాడు ఈ సంగతి కాలికి తడి తగిలితే చెప్పేవాడు. ఇప్పుడు దానికి సర్వే, మ్యాపు, ముందు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు, ఆ తర్వాత తుది నోటిఫికేషన్. మొదటిది నిశ్చితార్థం, రెండోది పెళ్లి. నిశ్చితార్థమై పెళ్లి కాని చెరువులు నగరం చుట్టూ బోలెడు. ఆ సందు చాలు, మత్తడిని రెండడుగులు కోస్తే నీరు నిలవదు. నాలుగు వానాకాలాలు గడిచాక "ఇక్కడ నీళ్లనేవి మేమెన్నడూ చూడలేదు" అని చుట్టుపక్కల వాళ్లే సాక్ష్యమిస్తారు. వాళ్లదీ అబద్ధం కాదు, పాపం.

ఎఫ్‌టీఎల్ బయట మళ్లీ బఫర్ జోన్. చెరువు 10 హెక్టార్లు దాటితే 30 మీటర్లు, లోపుంటే 9 మీటర్లు వదలాలని భవన నిబంధన. చిన్న చెరువు నీళ్లు మర్యాదగా చిన్న అడుగులు వేస్తాయని ఏ ఇంజినీరు కనిపెట్టాడో గానీ, ఆ జీవో చెరువులకు చదివి వినిపించిన దాఖలా లేదు.

జీవో అంటే గుర్తొచ్చింది. 1908లో మూసీ నగరాన్ని ముంచెత్తాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటిని కాపాడటానికి 84 గ్రామాల్లో కట్టడాలకు కళ్లెం వేస్తూ 1996లో ఒక ఉత్తర్వు వచ్చింది. దాని నంబరు 111. బ్రోకర్ల భాషలో అది అంకె కాదు, జాతకదోషం. "భూమి బంగారం సార్, కాకపోతే 111 ఉంది" అంటారు, పిల్ల బావుంది గానీ కుజదోషం ఉందన్నట్టు. 2022లో 69 అనే ఇంకో అంకెతో దోషపరిహారం చేశారు. రెండు జలాశయాల గతి రెండు అంకెల మధ్య కొట్టుకుంటోంది, లాటరీ టికెట్టు మాదిరి.

ఇక మున్సిపాలిటీ. భాషాసేవలో వీళ్లను మించినవాళ్లు లేరు. చెరువు గట్టున పేదవాడు నాలుగు రేకులు నిలబెడితే అది ఆక్రమణ. అదే గట్టున నాలుగంతస్తులు లేస్తే డీవియేషన్. ఆక్రమణకు జేసీబీ వస్తుంది, డీవియేషన్‌కు నోటీసు వస్తుంది. నోటీసు అందుకున్నవాడు కోర్టుకెళ్తే స్టేటస్ కో వస్తుంది. యథాతథ స్థితి అన్న మాట. చెరువు యథాతథంగా ఎప్పుడుందని ఎవరూ అడగరు, గోడ యథాతథంగా ఉంటే చాలు. ఈలోగా ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తుంది. నాకు తెలిసి తెలుగు వ్యాకరణ చరిత్రలోనే అత్యంత లాభసాటి సూత్రమిది. అక్రమం అనే మాటలోంచి మొదటి అక్షరం లోపింపజేయడానికి చదరపు గజానికి ఇంత అని రుసుము. చిన్నయసూరికి ఈ సంధి తెలిసి ఉంటే పచ్చయప్ప పాఠశాలలో పంతులుగా ఉద్యోగం చేసే పని పడేది కాదు.

పొలాన్ని ఇళ్ల జాగాగా మార్చడానికి నాలా చార్జీ అని ఇంకోటి కట్టించుకుంటారు. వ్యవసాయేతర భూముల చట్టానికున్న ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. హైదరాబాద్ వాడికి నాలా అంటే మురుగుకాలువ. శాఖ వారు రసీదులో ఒక నాలా ఇస్తారు, వానాకాలంలో రెండోది దానంతటదే వచ్చి గుమ్మం ముందు హాజరు వేయించుకుంటుంది.

ఆ వాన పడ్డాక మా పత్రికలవాళ్ల వంతు. 2020 అక్టోబర్‌లో నగరం మునిగినప్పుడు వరుసగా వారం రోజులు ఒకే శీర్షిక చూశాను, నేనూ రాశాను: లోతట్టు ప్రాంతాలు జలమయం. ఆహా, లోతట్టు! ఎవరు తొక్కితే లోతైందో అడగని మాట. చెరువులో నీరు చేరింది అని రాయాలంటే ముందు అది చెరువని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే లేఅవుట్‌కు సంతకం పెట్టిందెవరన్న ప్రశ్న వస్తుంది. లోతట్టు అంటే ఏ గొడవా లేదు, భూమిదే తప్పు. ఇన్సూరెన్స్ వాడు ఇంకో మెట్టు పైకెక్కి యాక్ట్ ఆఫ్ గాడ్ అంటాడు. తహసీల్దారు, ఇంజినీరు, ప్లానింగ్ అధికారి, బిల్డరు, బ్యాంకు మేనేజరు ఇంతమంది కష్టపడి చేసిన పనిని అప్పనంగా దేవుడి ఖాతాలో రాసేయడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

మా బావమరిది వీటిలో ఏదీ వినలేదు. అతనికి ఈఎంఐ అనే పదం ఒక్కటే వినపడుతోంది. లింక్ డాక్యుమెంట్లు చూడమని నా చేతిలో పెట్టాడు. హద్దుల దగ్గరే తిరగేశాను. అడుగున ఉన్న పాత దస్తావేజులో పడమర హద్దు: సర్కారీ తాలాబ్. చెరువన్న మాట. దాని మీది కాగితంలో పడమర: శిఖం భూమి. ఆ పైదాంట్లో పడమర: ఖాళీ స్థలం. కొత్తగా టైపు చేసి స్టాంపు వేసిన దాంట్లో పడమర: నైబర్స్ ల్యాండ్.

"అంతా క్లియర్‌గానే ఉంది కదా బావా" అన్నాడు మా వాడు. "పడమటి పక్క పొరుగాయన ఎవరో తెలిస్తే ఒకసారి కలిసి మాట్లాడదాం."

"నువ్వు వెళ్లక్కర్లేదులే, వానాకాలంలో ఆయనే ఇంటికొస్తాడు" అన్నాను.