మా రోజుల్లో సీసాతో పాటు నాలుగు మాటలు

మార్గశిరం వస్తే ఆదిలాబాద్‌లో చలి ఎముకలు కొరుకుతుంది. మా చిన్నప్పుడు ఆ రోజుల్లో గోటితో పిక్క మీద గీస్తే పలక మీద బలపం గీసినట్టు తెల్లటి గీత పడేది. అది కంటబడితే చాలు, అమ్మ నువ్వుల నూనె గిన్నె పట్టుకుని వెంటబడేది. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరకముందే రాసేది. "తడి మీద రాస్తేనే లోపలి తేమ లోపల ఉంటుంది" అనేది. బడి మొహం చూడని మనిషి. ఇవాళ చర్మ డాక్టర్లు చెప్పేదీ ఆ మాటే.

ఇప్పుడు మా మనవరాలి అద్దం ముందు ఏడు డబ్బాలున్నాయి. పొద్దునకొకటి, రాత్రికొకటి, కళ్ళ కిందకొకటి. "ఇందులో ఏముందమ్మా?" అంటే "అందరూ ఇదే వాడుతున్నారు తాతా" అంటుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. వంకాయను నాలుగు వైపులా తిప్పి చూసి కొనే మనం, ఒంటికి పూసుకునేదాన్ని డబ్బా రంగు చూసి కొంటామా?

నేను మందుల షాపులో నలభై ఏళ్ళు కాంపౌండర్‌గా చేశాను. చలికాలంలో గ్లిజరిన్ విడిగా పోసి అమ్మేవాళ్ళం. పెద్ద సీసా వంచితే లేతపాకంలా తీగ సాగుతూ దిగేది. జనం తెచ్చుకున్న సీసాలో సగమే పోసి, మిగతా సగం పన్నీరు కలుపుకోమని చెప్పి పంపేవాణ్ణి. గ్లిజరిన్ నీటిని లాగి పట్టుకుంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు ఒట్టిదే రాస్తే చర్మం లోపలి నీటినే పైకి లాగేస్తుంది. వస్తువు ఇచ్చేటప్పుడు దాని గుణం కూడా చెప్పి ఇవ్వడం అప్పటి వ్యాపారం.

మొన్న ఆ ఏడు డబ్బాలూ ముందేసుకుని భూతద్దంతో చదివాను. ఒక శాతానికి మించిన సరుకులను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. అన్నిటిలోనూ మొదటిది నీళ్ళు. ఐదింటిలో ఆ వెంటనే ఉన్నది మా గ్లిజరిన్! హైలురోనిక్ యాసిడ్ అని పెద్దక్షరాల్లో వేసినదాని పనీ నీటిని పట్టి ఉంచడమే. 1934లో ఆవు కంటి నుంచి మొదటిసారి వేరు చేశారు దాన్ని. మన చర్మంలోనూ కీళ్ళలోనూ అది పుట్టుకతోనే ఉంది.

ఇక కొవ్వులు. చర్మం పైపొరలో కణాలు ఇటుకలైతే, వాటి మధ్య అడుసు కొవ్వు. అందులో దాదాపు సగం సెరమైడ్లు. అడుసు రాలితే గోడ బీటలిస్తుంది, లోపలి నీరు ఆవిరైపోతుంది. క్రీములోని సెరమైడ్లు, షియా బటర్, స్టియరిక్ యాసిడ్ ఆ సందులు పూడ్చి చర్మాన్ని నునుపు చేస్తాయి. చివరగా మూత పెట్టేవి: 1872లో అమెరికాలో చీజ్‌బ్రో పేటెంటు తీసుకున్న వాజెలిన్, గొర్రె బొచ్చు నుంచి తీసే లానోలిన్, జిడ్డు తెలియని డైమెథికోన్. నీటిని పట్టడం, సందు పూడ్చడం, మూత పెట్టడం. ఏడు డబ్బాలు చేసేదీ ఈ మూడు పనులే.

కొత్తదంతా చెడ్డదని నేననను. నా మడమల పగుళ్ళకు తేనెమైనం కొబ్బరినూనెలో కరిగించి ఏళ్ళ తరబడి రాశాను, తగ్గలేదు. డాక్టరు యూరియా క్రీము రాసిచ్చాడు. యూరియా తేమను పట్టడమే కాక మందంగా పేరుకున్న చర్మాన్ని వదులు చేస్తుంది. రెండు వారాల్లో మడమలు మెత్తబడ్డాయి.

నా బాధ ఆ నాలుగు మాటలు చెప్పేవాళ్ళు లేకపోవడం. వాసన ఘాటుగా ఉన్న ఒక క్రీముకు మనవరాలి బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. అమ్మినవాళ్ళను అడిగితే "అలవాటవుతుంది" అన్నారట. చర్మం మంట పెడితే అలవాటు చేసుకోవాలా? మానేయాలి గానీ! ఆ డబ్బా పక్కన పెట్టించాను, వారంలో బుగ్గలు మామూలుకొచ్చాయి.

నిన్న అంగడి నుంచి ఫోన్ చేసింది. "తాతా, ఇందులో రెండోది గ్లిజరిన్. సెరమైడ్లున్నాయి, సెంటు లేదు. తీసుకోనా?"

"తీసుకో తల్లీ," అన్నాను. "స్నానం చేశాక, తడి ఆరకముందే రాసుకో."