హైస్కూల్లో విదేశీ భాష ఎంపిక: తల్లిదండ్రులకు సంపూర్ణ మార్గదర్శిని

అమెరికా హైస్కూల్లో విదేశీ భాషను ఎంచుకునే పని ఎనిమిదో గ్రేడ్ చలికాలంలో, కోర్సుల ఫారం ఇంటికి వచ్చిన రోజున మొదలవుతుంది. ఫారంలో స్పానిష్ దాదాపు తప్పకుండా ఉంటుంది, ఫ్రెంచ్ తరచుగా ఉంటుంది. స్కూలు పెద్దదైతే జర్మన్, లాటిన్, మాండరిన్, జపనీస్, అమెరికన్ సైన్ లాంగ్వేజ్ కూడా కనిపిస్తాయి. ఏ భాష నేర్చుకోవాలనుందో పిల్లనో పిల్లవాడినో అడగడం ఒక పద్ధతి. అయితే ఆ పద్ధతిలో విషయం ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఫారం గడువు ముగిసేదాకా తల్లిదండ్రులకు ఇక పనేమీ మిగలదు. అందుచేత అనుభవజ్ఞులు దాన్ని చిట్టచివరికి అట్టేపెట్టుకుంటారు.

మొట్టమొదట చూడవలసింది కాలేజీలు ఏమడుగుతాయన్నది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఇంగ్లీషు కాని ఒక భాషను రెండేళ్లు చదివి ఉండాలంటుంది, మూడేళ్లయితే మంచిదని సూచిస్తుంది. హార్వర్డ్ ఒకే భాషను నాలుగేళ్లు చదవమని సిఫారసు చేస్తుంది. సూచన, సిఫారసు అనే మాటలను తెలుగు ఇళ్లలో ప్రభుత్వ జీవోగా చదువుకోవడం రివాజు. రెండు అంటే మూడనీ, మూడు అంటే నాలుగనీ, నాలుగు అంటే ఏడో గ్రేడ్ నుంచే మొదలుపెట్టి ఉండాల్సిందనీ గ్రహించాలి. ఈ చివరి సంగతి గ్రహించేసరికి ఏడో గ్రేడ్ ఎలాగూ అయిపోయి ఉంటుంది కనుక, ఆ తప్పు ఎవరిదన్న చర్చకు ఒక సాయంత్రం కేటాయించాలి. రెండు భాషలు తలా ఒక ఏడాది చదివితే రెండేళ్ల లెక్క తీరదన్నది కూడా ఈ దశలోనే తెలుసుకోవడం మంచిది. స్పానిష్ నచ్చక మరుసటేడు ఫ్రెంచికి మారినవారు మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడతారు.

రెండో దశలో మార్కుల లెక్క వస్తుంది. ఈ విద్యలో తెలుగు తల్లిదండ్రులకు పూర్వానుభవం దండిగా ఉంది. వీరిలో చాలామంది ఇంటర్మీడియెట్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నవారే. తెలుగు పేపర్లో ఎనభై దాటడం గగనమనీ, సంస్కృతంలో తొంభై ఎనిమిది రావడం సర్వసాధారణమనీ కాలేజీ కౌంటర్ దగ్గరే తెలుసుకుని, కాళిదాసు పట్ల ప్రత్యేకాభిమానమేదీ లేకుండానే ఆ భాషను స్వీకరించారు. రెండేళ్లు చదివినా ఒక్క వాక్యం సొంతంగా చెప్పే అవసరం రాలేదు. ఈ అనుభవాన్ని సముద్రాలు దాటించి స్పానిష్ మీద ప్రయోగించడమే ఇక మిగిలింది. తేడా ఒక్కటే. ఇక్కడి టీచరు పిల్లలను నిలబెట్టి మాట్లాడించే ప్రమాదముంది.

మార్కుల లెక్కలో మరో మెలిక జీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు. చాలా స్కూళ్లలో మామూలు క్లాసులో ‘ఏ’ గ్రేడు వస్తే నాలుగు పాయింట్లు, కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులో వస్తే ఐదు. భాష మొదటి రెండేళ్లూ మామూలు క్లాసే కాబట్టి, అందులో నూటికి నూరు తెచ్చుకున్నా సగటు కిందికే వస్తుంది. కొత్త భాషలో ఓనమాలు దిద్దడం ఒక నష్టంగా నమోదయ్యే చోటు లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో! దీనికి విరుగుడుగా ఆ రెండేళ్లనూ వేసవి సెలవుల్లో ఆన్‌లైన్‌లో ముగించే కుటుంబాలున్నాయి. ఆరు వారాల్లో ఏడాది స్పానిష్ పూర్తవుతుంది. సెప్టెంబరుకల్లా పూర్తిగా మరచిపోవచ్చు కూడా.

ఇక భాషల గుణగణాలు. స్పానిష్‌ను అమెరికాలో 4 కోట్ల మందికి పైగా ఇంట్లో మాట్లాడుకుంటారు. ఇంటి ముందు గడ్డి కోసేవారితోనూ, పైకప్పు వేసేవారితోనూ, ఆస్పత్రిలో నర్సుతోనూ మర్నాటి నుంచే మాట్లాడవచ్చు. సరిగ్గా ఈ కారణంగానే దాన్ని కొన్ని ఇళ్లలో చిన్నచూపు చూస్తారు. అందరూ తీసుకునే భాష దరఖాస్తులో ప్రత్యేకంగా కనిపించదన్నది వాదన. ఫ్రెంచ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వినడానికి బాగుంటుంది, కెనడాకు పనికొస్తుందని ఎవరో ఒకరు అంటారు. జర్మన్ తీసుకుంటే జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదని బంధువుల్లో ఒకరు గుర్తుచేస్తారు. నాలుగేళ్లు గడిచేలోపు జర్మన్ టీచరు రిటైరై, స్కూలు ఆ క్లాసునే ఎత్తేసే అవకాశాన్ని మాత్రం ఎవరూ గుర్తుచేయరు.

లాటిన్ తీరు వేరు. వైద్యవిద్యకు ఉపయోగమనే పేరు దానికి స్థిరపడిపోయింది. శరీరంలోని ఎముకల పేర్లు ముందే పరిచయమవుతాయన్నమాట నిజమే. అయితే ఆ పేర్లను మెడికల్ కాలేజీలో అందరిచేతా ఎలాగూ బట్టీ పట్టిస్తారు. లాటిన్‌కు అసలైన బలం మరొకటుంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలున్న భాషల్లో స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, చైనీస్, జపనీస్ అన్నింటిలోనూ అభ్యర్థి నోరు విప్పి మాట్లాడాలి. లాటిన్‌లో అక్కర్లేదు. వర్జిల్ వంటి లాటిన్ రచయితలను చదివి అర్థం రాస్తే చాలు. ఇంటర్ సంస్కృతానికి ఇంత దగ్గరి చుట్టం అమెరికాలో దొరకడం తెలుగువారి అదృష్టం.

దూరదృష్టి గల తండ్రులు రాబోయే ప్రపంచశక్తి ఏదో లెక్కగట్టి దాని భాషను ఎంచుతారు. ఈ పద్ధతికి ఘనమైన చరిత్ర ఉంది. 1915 ప్రాంతంలో అమెరికా హైస్కూలు పిల్లల్లో దాదాపు నాలుగో వంతు జర్మన్ చదివేవారు. శాస్త్రాలకు అదే భాషని అప్పటి పెద్దల నమ్మకం. రెండేళ్లలో అమెరికా జర్మనీపై యుద్ధంలో దిగింది, జర్మన్ దేశద్రోహుల భాష అయిపోయింది. ఎనిమిదో గ్రేడ్ దాటని పిల్లలకు విదేశీ భాష నేర్పడాన్ని నెబ్రాస్కా రాష్ట్రం 1919లో నిషేధించింది. ఒక పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే టీచరుకు 25 డాలర్ల జరిమానా పడింది. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది గానీ, అప్పటికే జర్మన్ చదివేవారు నూటికి ఒక్కరు కూడా మిగల్లేదు. 1957లో సోవియట్లు స్పుత్నిక్‌ను ఎగరేశారు. మరుసటేడే దేశరక్షణ పేరిట విద్యాచట్టం వచ్చింది, భాషల బోధనకు నిధులు పారాయి, రష్యన్ మీద మోజు పుట్టింది. 1980లలో కార్లూ టీవీలూ చూసి జపనీస్ తప్పనిసరి అన్నారు. చైనీస్‌లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష 2007లో మొదలైనప్పుడు అందులో చేరని పిల్లలకు భవిష్యత్తు లేదన్నారు. ఇక 2016-2021 మధ్య అమెరికా కాలేజీల్లో ఇంగ్లీషేతర భాషలు చదివేవారు 16.6 శాతం తగ్గిపోగా, కొరియన్ చదివేవారు మాత్రం 38 శాతం పెరిగారు. అది ఏ తండ్రి దూరదృష్టీ కాదు. పాటలు, డ్రామాలు చూసి పిల్లలు తమంతట తాము చేసిన పని. ఇలాంటి ఉదాహరణలను ఇంట్లో ప్రస్తావించకపోవడం మేలు.

పట్టుదలతో మాండరిన్‌నే ఎంచుకున్నవారు ఒక చిన్న గణితం చేసుకోవాలి. తమ దౌత్యవేత్తలకు భాషలు నేర్పే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం, ఇంగ్లీషు తెలిసినవారు ఉద్యోగానికి సరిపడా మాండరిన్ నేర్వడానికి సుమారు 2,200 గంటల తరగతులు కావాలి. హైస్కూల్లో రోజుకు యాభై నిమిషాల చొప్పున 180 రోజులు నడిచే క్లాసు ఏడాదికి 150 గంటలిస్తుంది. ఆ లెక్కన తొమ్మిదో గ్రేడ్‌లో చేరిన పిల్ల ఇరవై మూడో గ్రేడ్‌లో మాట్లాడుతుంది. క్లాసులో పక్క కుర్చీలో ఇంట్లో మాండరిన్ మాట్లాడే పిల్లవాడు కూర్చుని ఉంటాడు, మొదటి ర్యాంకు అతనిదే. అదే సంస్థ అంచనాలో తెలుగుకు పట్టేది వెయ్యి గంటలకు పైనే. అంటే తెలుగు ఇంట పుట్టిన పిల్లలకు ఒక కష్టమైన భాష ఊయల నుంచే ఉచితంగా దొరుకుతోంది. అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆ గంటలు అలాగే ఖర్చయిపోతాయి.

తెలుగును ఈ జాబితాలో చేర్చాలా అన్న ప్రశ్న కొందరికి వస్తుంది. రెండు భాషల్లో ప్రావీణ్యం చూపిన పిల్లల డిప్లొమాపై సీల్ ఆఫ్ బైలిటరసీ అనే ముద్ర వేసే ఏర్పాటుకు కాలిఫోర్నియా 2011లో చట్టం చేసింది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు అదే బాట పట్టాయి. తెలుగు పరీక్ష రాసి ఆ ముద్ర సంపాదించే పిల్లలున్నారు. వారాంతాల్లో మనబడి లాంటి తరగతులకు వెళ్లి గుణింతాలు దిద్దినవారికి ఇది అసాధ్యమేమీ కాదు. అయినా సంప్రదాయబద్ధులైన తల్లిదండ్రులు ఈ దారిని అనుమానంగానే చూస్తారు. అమ్మమ్మతో మాట్లాడటానికి పనికొచ్చే భాష కాలేజీకి కూడా పనికొస్తుందంటే ఎక్కడో ఏదో తేడా ఉందని వారికి తోస్తుంది.

అడగకూడని ప్రశ్న ఒకటుంది. ఆ స్కూల్లో ఏ భాషా టీచరు బాగా చెబుతారన్నది. దీనికి జవాబు పై క్లాసు పిల్లలందరికీ తెలుసు, నిమిషంలో చెప్పేస్తారు. మంచి టీచరు దొరికితే పిల్ల నాలుగేళ్లూ మానకుండా చదివి, క్లాసు వదిలాక కూడా ఆ భాషలో సినిమా చూసే ప్రమాదముంది. అప్పుడు ఇంతవరకూ వేసిన లెక్కలన్నీ వృథా. కనుక సలహాకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపునే ఆశ్రయించాలి. అందులో ఒకరి అబ్బాయి ఫ్రెంచ్ తీసుకున్నాడు, స్టాన్‌ఫర్డ్‌లో సీటొచ్చింది. మధ్యలో జరిగిన మిగతా విషయాలేవీ లెక్కలోకి రావు. బ్యాండ్ క్లాసు సమయం ఏ భాష క్లాసుకు అడ్డం రాదో చూసి కౌన్సెలర్ చేసే నిర్ణయమే చాలా ఇళ్లలో చివరికి ఖరారవుతుంది.

ఎంపిక అయ్యాక సాధన. ఇందుకు ఫోన్‌లో డ్యుయోలింగో చాలు. రోజూ రాత్రి పదకొండు యాభై ఐదుకు ఒక పాఠం నొక్కి, వరుస తెగకుండా చూసుకుంటే భాష వచ్చినట్టే లెక్క. మెక్సికన్ హోటల్లో పిల్లచేత ఆర్డరు చెప్పించే ప్రయత్నం చేయరాదు. వెయిటర్ తిరిగి ఏదో ఒకటి అడుగుతాడు.

ఆఖరి ఘట్టం కాలేజీలో చేరే వేసవిలో వస్తుంది. అక్కడ ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతారు. బాగా రాస్తే పై స్థాయి క్లాసులో పడి నవలలు చదవాలి. పేలవంగా రాస్తే 101 అనే తొలి కోర్సులో కూర్చుని, నాలుగేళ్లు చదివిన అక్షరాలనే తొలిసారి చూస్తున్నట్టు ముఖం పెట్టి, సునాయాసంగా ‘ఏ’ గ్రేడు తెచ్చుకోవచ్చు. ఈ ఎత్తు తెలిసిన కొన్ని కాలేజీలు హైస్కూల్లో కొన్నేళ్లు చదివినవారికి మొదటి కోర్సుకు క్రెడిట్ ఇవ్వవు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌లో 4 గానీ 5 గానీ వచ్చినవారికి చాలాచోట్ల భాష నిబంధన నుంచే మినహాయింపు దొరుకుతుంది. ఇంజినీరింగ్ విభాగంలో చేరేవారికైతే డిగ్రీకి విదేశీ భాష నిబంధన పెట్టని యూనివర్సిటీలే ఎక్కువ. ఈ వివరాలన్నీ ఆయా కాలేజీల వెబ్‌సైట్లలో ఉంటాయి. అడ్మిషన్ వచ్చిన తర్వాత వాటిని చదవడం ఆనవాయితీ.