గట్టు గీకేసి తంగేడేదంటే?

మా రోజుల్లో గట్టు మీది పూలకు దుడ్డిచ్చి విత్తనం కొన్నవాడే లేడురా మనవడా. మీరేమో తేనెటీగలు తగ్గిపోయాయని బాధపడి, వాటికోసం ఏ దేశానివో రంగురంగుల పూల పొట్లం తెప్పిస్తారు. అది చల్లే ముందు గట్టు మీదున్న తంగేడునూ తుమ్మినీ కలుపుమందు కొట్టి చంపుతారు. ఇదెక్కడి పుణ్యంరా?

మంజవాడి కనుమ దిగి మన ఏ. పళ్లిపట్టి మీదుగా అరూరు పోయే దారికి అటూ ఇటూ తంగేడే. ధర్మపురి ఇంకా సేలం జిల్లాలో ఉన్న కాలం, 1965కు ముందు మాట. ఎద్దులబండిలో కూర్చుంటే ఒక్కో పొదా కంటికి ఆనేది. ఇప్పుడు బస్సెక్కి కూర్చునేలోగా సేలం వచ్చేస్తుంది. అంత వేగం దేనికో! ఆ బస్సే లేకుంటే మీ అవ్వను ఒక రాత్రి ఆస్పత్రికి చేర్చలేకపోయేవాళ్ళం, అది ఒప్పుకుంటా. కానీ తంగేడు పోయింది కదా. భోగినాడు ఇంటికి రక్షగా కాప్పు కట్ట కట్టాలంటే తంగేడు పూలు, పిండిపూలు, వేపాకు గట్టున కోసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు ఆ కట్ట అంగట్లో బేరమాడి తెస్తున్నారు.

తంగేడు పువ్వులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. అదీ ఊరికే రాలదు. కేసరాల కొనన సన్నటి కన్నం. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిరిస్తేనే బయటికి చిమ్ముతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. మాకు ఆ మోత తెలుసు గానీ కారణం తెలీదు, నువ్వు చదివి చెప్పావు. అంతవరకు నీ చదువు మంచిదే. మరి ఆ తుమ్మెద గూడు తొలుచుకునేది ఎండుకొయ్యలో అని కూడా చదివావా? పాత పందిరి గుంజలు పీకేసి ఇనుప కమ్ములు పాతారు. అదెక్కడ కాపురముండాలి?

పురుగని మందు కొట్టారే, అది తంగేడాకు తిని పెరిగే లేతపసుపు సీతాకోకచిలుక పిల్ల. ఆకు చిల్లు పడకూడదు, సీతాకోకచిలుక మాత్రం రావాలంటే ఎట్లా? మేము రాగిచేలో అనుములు, ఆవాలు, వెర్రినువ్వులు సాళ్ళుగా వేసేవాళ్ళం. ఒకటి పూత ముగిస్తే ఇంకొకటి అందుకునేది. ఇప్పుడు ఎటు చూసినా కర్రపెండలం, చెరుకు. గట్టు ఖాళీ అయితే వయ్యారిభామ ఎక్కి కూర్చుంది. 1955లో పుణెలో కంటబడిన కలుపు మన వాకిలిదాకా వచ్చింది, మన తుమ్మి మాత్రం వెతకాల్సి వస్తోంది. బడికి పోతూ ఆ తెల్లపూలు పీకి తేనె చప్పరించేవాళ్ళం. మీకు చాక్లెట్టు చాలు.

సరే, తంగేడూ తుమ్మీ మళ్ళీ గట్టున వేస్తానన్నావు కాబట్టి చెబుతా. ఎండిన తంగేడు కాయలు ఏరుకో. గింజ తోలు మొండిది, నీళ్ళు దిగవు. గరుకు రాయి మీద కొంచెం రుద్ది, వేడినీళ్ళలో వేసి రాత్రంతా వదిలెయ్. తమిళుల ఆడి నెల వానకు గట్టున గుచ్చు. తుమ్మి గింజ పూడ్చొద్దు, మట్టి మీద చల్లితే చాలు. ఎరువు వద్దు, మందు అసలే వద్దు. మొదటి ఏడు పువ్వు రాలేదని పీకెయ్యకు, మీకు ఓపిక తక్కువ. కాయలు ఎండి గలగలమనేదాకా కొడవలి పట్టుకుని ఎవడూ అటు రావద్దు. వస్తే నేనే గట్టు మీద అడ్డంగా మంచం వేసుకుంటా.