బాయిలరాన్వేషణము

నీరు మరిగిన మరుక్షణమే ఆరిపోవు యంత్రమును కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, మరిగిన నీటిని ఇంకను మరిగించవలసిన అగత్యము వాని జన్మలో ఒక్కసారియు కలిగియుండదని తలచుకొని కొంతకాలముగా పండ్లు కొరుకుచున్నాను. నేను కోరినది మణులు కాదు, మాన్యములు కాదు. మూడు నాలుగు లీటర్ల నీరు పట్టి, విద్యుత్తుతో వేడెక్కి, నేను చాలుననువరకు ఎడతెగక ఆవిరిని పంపెడి ఒక చిన్న బాయిలరు. ఆ ఆవిరిని రాగి గొట్టము గుండ చల్లార్చి వాము అర్కము దింపుకొనవలెనని నా సంకల్పము. పులుసులో పడిన ప్రతి ముక్కకును రాత్రి రెండు గంటలవేళ సంజాయిషీ చెప్పుకొనవలసిన వయస్సువారికి ఈ సంకల్పములోని పవిత్రతను వివరింప నక్కరలేదు.

విజయనగరమున గంటస్తంభము చెంతనున్న యొక అంగడిలో నా కోరిక విన్నవించితిని. అంగడివాడు ముందుగా కెటిలును చూపెను. కెటిలునందు రెండు లోహములను అతికించిన పలుచని రేకొకటి యుండును. ఆవిరి సోకగానే అది వంగి మీటను తన్నును. అనగా ఏ ఆవిరికొరకు దానిని కొందుమో ఆ ఆవిరి పుట్టిన ముహూర్తముననే అది కన్ను మూయును. గీజరు అంతకంటెను పిరికిది. నీరు డెబ్బదియైదు డిగ్రీలకు చేరుసరికే తన పని తీరినదని ఊరకుండును. ఇండక్షను పొయ్యి అన్నిటికంటె గర్విష్ఠి. అర్కములకు ప్రశస్తమని పెద్దలు చెప్పిన రాగిపాత్రను దానిపై నుంచినచో, అక్కడ పాత్రయే లేదని వాదించును.

"ఇంతకీ దేనికండీ?" అని అంగడివాడు విసిగి అడిగెను. అర్కము దింపుటకంటిని. అతడు కుడిఎడమలు పరికించి, గొంతు తగ్గించి, "ఏటి బాబూ, మీరు కూడానా!" అనెను. అక్కడినుండి మా రామతీర్థము 12 కిలోమీటర్లు. నేనెక్కిన ఆటో నెల్లిమర్ల దాటకమునుపే వార్త మా ఊరు చేరినది.

అతని నని ప్రయోజనమేమి? 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టము ప్రకారము అనుమతి లేక సారా తీయుట మాత్రమే గాక, తీయుటకై బట్టీని, సరంజామాను ఉంచుకొనుటయు నేరమే. న్యూజీలాండులో 1996 నుండి గృహస్థుడు తన త్రాగుడుకు తాను ఇంటనే దింపుకొనవచ్చునట. అందుచేత అక్కడి అంగళ్ళలో 25 లీటర్లు పట్టి 2000 వాట్లతో కాగెడి బాయిలర్లు మన యిడ్లీ కుక్కర్లవలె బారులు తీరియుండును. త్రాగువానికి అక్కడ అంత సౌకర్యము. త్రాగనివానికి ఇక్కడ ఇంత అనుమానము! అటువంటి దొకటి సముద్రములు దాటి తెప్పించుకొన్నను మా ఊరి వోల్టేజి దానిని బ్రతుకనిచ్చునా? వోల్టేజి 230 నుండి 180కి దిగినచో వేడి ఆ మేరకే తగ్గి మర్యాదగా ఆగదు. వర్గము చొప్పున తగ్గి, రెండువేల వాట్ల వీరుడు పండ్రెండు వందల చిల్లరకు క్రుంగిపోవును.

ఈ చిక్కులో మా వీధి శాస్త్రులవారు నాకు అండగా వచ్చిరి, రాకున్న బాగుండెడిది. "భయపడకుమయ్యా, అర్కములు దింపుటకు ప్రమాణగ్రంథమే యున్నది. దాని పేరు అర్కప్రకాశము. కర్త ఎవరనుకొంటివి? సాక్షాత్తు రావణబ్రహ్మ!" అని చావడిలో పదిమంది వినునట్లు సెలవిచ్చిరి. మా ఊరి బోధికొండపై కోదండరాముడు, కొండ దిగువ రామస్వామివారు, భీష్మైకాదశికి కల్యాణము చూడవచ్చు వేలాది జనము. వీరందరి నడుమ నొక యింట రావణుని వంటకము! సారా కాచుచున్నాడను అపవాదమే నయము. దానికి చట్టము వేయు శిక్షతో సరి.

అయినను, పండుకొన్న తరువాత ఆలోచింపగా, ఈ విద్యకు రావణునికంటె అర్హుడు దొరకడని తోచినది. బట్టీ యెదుట కూర్చున్నవానికి ఒక చేత మూత నొక్కుటకు, ఒక చేత గొట్టము పట్టుటకు, ఒక చేత తడిగుడ్డ మార్చుటకు, ఒక చేత సీసా పట్టుటకు, ఒక చేత చెమట తుడుచుకొనుటకు చేతులు కావలెను. నాకున్న రెండును చాలవు, ఆయనకు ఇంకను పదునైదు మిగులును. అర్కము రుచి చూడవలెనన్న పది నాలుకలు. అభిప్రాయభేదము వచ్చినచో ఇంటనే ధర్మాసనము. తలనొప్పి వచ్చినదా, పదింటికి చాలునంత మందు దింపుకొనక తప్పదు. ఇక తమ్ముడు కుంభకర్ణుడు. ఆరు మాసములు పరుండి లేచి చేసిన భోజనమునకు ఎన్ని పీపాల వాము అర్కము పట్టునో లెక్క కట్టుడు. లంకలోని బాయిలరు మూడు లీటర్లదై యుండదు. విభీషణుడు ధర్మముకొరకే ఇల్లు విడిచెనని మనము నమ్ముచున్నాము గాని, రేయింబవళ్ళు వాము ఘాటు భరింపలేక పోయెనేమో యని నాకొక సందేహము. అన్నిటికంటె నాకు అసూయ కలిగించినది వేరు. ఆ గ్రంథమంతయు మండోదరితో సంభాషణగా నున్నదట. ఏ మూలికకు ఏ అర్కమో ఆయన చెప్పుచుండును, ఆమె వినుచుండును. మా యింట, "ఏవండీ, ఆ సీసా మందుల షాపులోనే దొరుకుతుంది కదా" అను ఒక్క వాక్యముతో ప్రథమాధ్యాయము సమాప్తమైనది.

ఆ గ్రంథము చాల అర్వాచీనమనియు, ఎవరో రావణుని పేర వ్రాసినదనియు పండితులందురు. ఆ మాట నేననగా శాస్త్రులవారు రెండు పూటలు నాతో పలుకలేదు. పోనిండు, రావణుని విడిచి బౌద్ధులను ఆశ్రయింతమని, తక్షశిలలో మార్షలు దొరగారి త్రవ్వకములలో బట్టీవంటి మట్టిపాత్రలు దొరకినవి గదా, మా గురుభక్తుల కొండపై విహారములలో నున్న భిక్షువులకు మాత్రము కడుపునొప్పి రాలేదా యంటిని. అదియు చెల్లలేదు, మరల రావణుని గ్రంథమునే పట్టితిని. అర్కప్రకాశమున ధూమాగ్ని, దీపాగ్ని, మందాగ్ని, మధ్యమాగ్ని, ఖరాగ్ని, భటాగ్ని యని మంటలు ఆరు విధములట. వాటిలో మాకు సాయంకాలము ఆరు దాటిన తరువాత లభ్యమగునది మూడవది మాత్రమే. వాము అర్కము ముందుగా త్రాగింపవలసినది మా వీధి ట్రాన్సుఫార్మరుచేతనని తేలినది.

ఇంతలో దిగువ పల్లెనుండి కూరలు తెచ్చు ముసలమ్మ ఒకనాడు తట్ట దింపి, అరుగుపై నేను చుట్టలు చుట్టి పెట్టిన రాగి గొట్టమును చూచినది. అందరివలె నవ్వలేదు. "మా ఇంటాయన కాడా ఇలాటి గొట్టవే ఉండీది బాబూ" అని, వంకాయలు తూచి, చిల్లర లెక్కపెట్టుకొని పోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు కొంగు బిగించి సారా దుకాణములపై తిరుగబడిరి. 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషేధమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. నేనివి పత్రికలలో చదివి మరచితిని. ఆమె చట్టమున్న నాడును లేని నాడును బెల్లపు ఊట వాసనలోనే కాపురము చేసి, పిమ్మట ఒంటరిదైనది. అంగడివాడు గొంతు తగ్గించుట ఊరక నేర్చుకొనలేదు.

గొట్టమును అటకపై పడవేసితిని గాని అజీర్తి అటక ఎక్కలేదు. కావున తుది తీర్పు వినుడు. మనకు కావలసిన బాయిలరు ప్రతి వంటింటను ఇదివరకే యున్నది. అది రైసు కుక్కరు. దాని గిన్నె క్రింద నొక అయస్కాంతముండును. గిన్నెలో నీరున్నంతవరకు వేడి నూరు డిగ్రీలు దాటదు గనుక అది పట్టు విడువదు. నీరింకి వేడి పైకెక్కినంతనే పట్టు సడలి మీట పడిపోవును. మరుగువరకు కాదు, ఇంకువరకు మరిగించుటయే దాని ధర్మము. 700 వాట్ల కుక్కరు గంటకు ఇంచుమించు లీటరు నీటిని ఆవిరి చేయును. వాములోని థైమాలు విడిగానైన 232 డిగ్రీలకు గాని మరుగదు గాని, నీటి ఆవిరి తోడు దొరకినచో నూరు డిగ్రీల లోపలనే బయలుదేరును. మూతను బోర్లించి, పైన చల్లని నీరు పోసి, లోపల చిన్న గిన్నె నుంచినచో గొట్టముతో నిమిత్తము లేదు, గొట్టముతో వచ్చు కీర్తితోను నిమిత్తము లేదు. ఆవిరి పోవు దారిని మాత్రము బిగించి మూయరాదు. పైనీరు వేడెక్కినప్పుడెల్ల మార్చవలెను. లోపలి గిన్నె స్టీలుదైన మంచిది.

కుక్కరు ఇంట లేనివారు కొనబోయినప్పుడు, దేనికని అంగడివాడు అడిగినచో, అన్నము వండుకొనుటకని చెప్పుడు.