నొప్పి లేని కన్నుకు డాక్టరెందుకు?

నలభై దాటిన కంటికి మొదటి సూత్రం ఒక్కటేనప్పా: నొప్పి పుట్టేదాకా దాని జోలికి పోవద్దు. శుక్లం నొప్పెట్టదు. నీటికాసులు చాలామందికి నొప్పెట్టవు. షుగర్ కంటి వెనక నెత్తుటి నాళాలను చెడగొడుతున్నప్పుడు కూడా చడీచప్పుడూ ఉండదు. ఇంత మర్యాదగా ఇంటికొచ్చిన చుట్టాలను డాక్టరు ముందు నిలబెట్టి అల్లరిపెట్టడం సీమ మనుషులకు తగునా?

పేపరులో అక్షరాలు అలుక్కుపోతే చెయ్యి చాచండి. చెయ్యి చాలకపోతే మనవణ్ణి పట్టుకోమనండి. వాడూ విసుక్కుంటే పెట్టె తెరవండి, పోయిన నాన్న అద్దాలు ఉంటాయి. పొలంతోపాటు పవరు కూడా వారసత్వమే.

శుక్లాన్ని మాత్రం బాగా ముదరనివ్వండి. 'ముదిరితే గానీ తీయరు' అని మీ తాత విన్నమాట ఆ రోజులకు నిజమే. ఇప్పుడు సన్నటి గాటు పెట్టి, శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో నలగ్గొట్టి, పీల్చేసి, లెన్సు పెడుతున్నారు. రాయిలా ముదిరితే వాళ్ళకే కష్టమట. పడనివ్వండి, జీతాలు తీసుకోవట్లేదా? ఒకప్పుడైతే 'కర్నూలు కంటాసుపత్రి దూరం' అనే చక్కటి సాకు ఉండేది. 2022లో నంద్యాల జిల్లా అయింది, 2023లో ఇక్కడే ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు, ఆ సాకు కాస్తా పోయింది. ఫర్వాలేదు. వానాకాలం నాట్లు, చలికాలం శనగ, ఎండాకాలం 'ఈ ఎండల్లో కన్ను కోస్తే చీము పడుతుంది'. ఏడాది గడిచిపోతుంది.

ఇక ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రత్యేకం. ఉలి దెబ్బకు పెంకులు ఎగురుతాయని రక్షణ అద్దాలు పెట్టుకునేవాళ్ళను చూసి నవ్వండి. దీనికి శాస్త్రం కూడా మన వైపే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మీది ప్లాస్టిక్ కప్పు పగిలి, ముక్కలు పైలట్ల కళ్ళలో దిగాయి. ఏళ్ళు గడిచినా కన్ను వాటితో పేచీ పెట్టుకోలేదని గమనించాడు లండన్ డాక్టరు హెరాల్డ్ రిడ్లీ. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి 1949లో మొట్టమొదటిసారి మనిషి కంట్లో అమర్చాడు. ఇవాళ శుక్లం తీసి పెట్టే లెన్సులన్నిటికీ అదే మూలం. సీమదొరల ప్లాస్టిక్కే అంత చేస్తే, దేవుణ్ణి మలిచే మన నల్లరాయి ఎంత చెయ్యాలి! కాబట్టి పెంకు దిగితే ఆసుపత్రికి పరుగెత్తకుండా గట్టిగా నులమండి. పక్కవాడి చేత నాలుకతో తీయించుకోండి. నల్లగుడ్డు మీద పుండు పడి తెల్లమచ్చ మిగిలితే దిష్టి తగలకుండా పనికొస్తుంది.

కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో అడగండి, చీటీ అడగని షాపయితే మరీ మంచిది. స్టిరాయిడ్ చుక్కలు వేస్తే తెల్లారేసరికి ఎరుపు మాయం. నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లమూ తొందరగా రావచ్చు. ఒక్క సీసాకు రెండు జబ్బులు, ఇంతకన్నా గిట్టుబాటు బేరం ఎక్కడుంది? సీసా కూడా దండగనుకుంటే తేనె ఉంది, నందివర్ధనం పూలున్నాయి, చంటిబిడ్డ తల్లి పాలున్నాయి. 2021లో కృష్ణపట్నంలో కరోనా నాటుమందు కోసం జనం బారులు తీరినప్పుడు, అక్కడి మిగతా మందులకు సరేనన్న ప్రభుత్వం కంటి చుక్కలకు మాత్రం అనుమతివ్వలేదు. అయితే మన నమ్మకం సడలిందా?

నీటికాసులకని రాసిచ్చిన చుక్కలను సీసా అయిపోగానే మానేయండి. వేసినా చూపు పెరగడం లేదు కదా. 'ఉన్న చూపు నిలబెట్టడానికే ఈ మందు, పోయింది తిరిగి రాదు' అంటాడు డాక్టరు. లాభం చూపించని వ్యాపారానికి రోజూ పెట్టుబడి ఎందుకు? అన్నదమ్ములకు చెప్పకండి, ఇది వంశంలో నడిచే జబ్బని తెలిస్తే వాళ్ళూ పరీక్ష చేయించుకుంటారు. షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి పాపకు చుక్కలేసి కంటి వెనక చూపించుకోవాలట. ఆ చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు చూపు మసకబారుతుంది. బాగున్న చూపును మసక చేసుకోవడానికి బస్సు చార్జీ కూడానా?

చీకటిపడ్డాక నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద బండి మీదే రండి. ఎదుటివాళ్ళ లైట్లు పూలగుత్తుల్లా చెదిరి కనిపిస్తే అది శుక్లం కాదు, వాళ్ళకు డిమ్ కొట్టే సంస్కారం లేకపోవడం. నాలుగు తిట్లు తిట్టి వేగం పెంచండి. వెనక మనవణ్ణి కూర్చోబెట్టుకోండి, లారీ ఏ పక్క నుంచి వస్తోందో వాడు చెబుతుంటాడు.