పాటను స్టూడియోకి తీసుకెళ్ళే ముందు

తార్నాకలో గది తీసుకుని, తలుపులు బిగించుకుని, ల్యాప్‌టాప్ ముందు డెమోలు చేస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మొదటి మాట: బయటికి రండి. గదిలో కుదిరిన పాట గది దాటదు.

సాయంత్రం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, 1939 నాటి ఆ రాతి కట్టడం ముందు, మైకు లేకుండా పాడండి. రెండో చరణంలో వినేవాళ్ళు ఫోను తీశారంటే ఆ చరణం కొట్టెయ్యండి, ఎంత మంచి కవిత్వమైనా సరే. ఇంకో రోజు ఆర్ట్స్ కాలేజీ స్టేషను దగ్గర పాడండి. ఎంఎంటీఎస్ వచ్చినా ఆపొద్దు. రైలు మోతలో మునిగిపోయిన ప్రతి మాటనూ మార్చెయ్యండి.

కాగితం మీద రాసుకోవద్దు. మరిచిపోయిన మాట పాటకు అక్కర్లేదు. బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’ తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టి, 1980లో ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతున వినిపించింది. నడుమ దాదాపు 30 ఏళ్ళు జనం నోళ్ళలోనే నానింది. అంతకు మించిన రిహార్సల్ నాకు తెలియదు. మీరు కనీసం ఒక వానాకాలమైనా ఆగండి.

క్లిక్ ట్రాక్ ఒప్పుకోవద్దు. నిమిషానికి 96 బీట్లని ముందే కట్టేస్తే, చివరి పల్లవికి కోరస్ ఊపందుకున్నప్పుడు పాట ఎటు పోవాలి? తర్వాత ఎడిటింగు కష్టమంటాడు ఇంజనీరు. నిజమే. అందుకే ముక్కలుగా తీయొద్దు, అందరూ ఒకే గదిలో నిలబడి ఒక్క టేకులో పాడండి.

ఇక డప్పు. చెమ్మ పట్టిన తోలు మొద్దుగా పలుకుతుంది. స్టూడియో బయట ఎండుగడ్డి మంటేసి, డప్పును తిప్పుతూ సెగ చూపండి. మధ్యమధ్య వేలితో తట్టి చూడండి. కాసేపటికి తోలు బిగిసి ఖంగుమంటుంది. వాయించే పుల్లలు, సిర్ర, చిటికెన పుల్ల, అప్పుడు డప్పు వాయించేవాళ్ళ చేతికివ్వండి. ఆ బిగువు ఎంతోసేపు నిలవదు. అందుకని డప్పును కీబోర్డు శ్రుతికి లొంగదీయకండి. డప్పు ఎక్కడుంటే గాయకుడే అక్కడికి ఎక్కాలి, గొంతు బొంగురుపోయినా సరే. నన్నడిగితే ముందురాత్రి సభలో పాడి వచ్చిన గొంతే మేలు.

స్టూడియో ఒక్క గంటే మాట్లాడుకోండి. మిగిలిన డబ్బుతో కోరస్ వాళ్ళకు తార్నాక చౌరస్తాలో కడుపునిండా భోజనం పెట్టించండి, రికార్డింగుకి ముందే.