మంటకు మీటింగు, పొగకు మినహాయింపు

2023 అక్టోబరు 10 రాత్రి లండన్‌కు ఉత్తరాన ఉన్న లూటన్ విమానాశ్రయంలో కార్ల పార్కింగ్ తగలబడింది. 1,400కు పైగా కార్లు బుగ్గయ్యాయి. మంటలు ఆరకముందే సోషల్ మీడియా పంచాయితీ తీర్పు చెప్పేసింది: ఇది ఎలక్ట్రిక్ కారు పనే! తీరా ఫైర్ సర్వీసు వాళ్లు తేల్చిందేమిటంటే, మొదట అంటుకున్నది డీజిల్ కారట. ఆ మాట వినడానికి పంచాయితీలో ఎవరూ మిగల్లేదు.

భయం ఊరికే పుట్టలేదు, నిజమే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకరు, నిజామాబాద్‌లో ఒకరు ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనం అంటుకుని 8 మంది బలయ్యారు. లాడ్జి కింద షోరూం పెట్టనిచ్చిందెవరన్న ప్రశ్న మాత్రం బ్యాటరీ అంత వేడెక్కలేదు. బ్యాటరీ భద్రతకు గట్టి నిబంధనలు ఆ డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. మన దగ్గర నిబంధన ఎప్పుడూ అంబులెన్స్ వెనకే వస్తుంది.

స్వీడన్‌లో 2022 లెక్క చూస్తే, లక్ష ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో అంటుకున్నవి నాలుగు లోపే. అన్ని రకాల కార్లూ కలిపితే లక్షకు 68. కాకపోతే బ్యాటరీ మంట ఒక పట్టాన ఆరదు, ఆరిందనుకున్నాక గంటల తర్వాత మళ్లీ లేస్తుంది. టీవీవాళ్లకు కావలసింది అదే.

డీజిల్ పొగకు ఇంత ప్రచారం లేదు, పాపం. దానివల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చి, సిగరెట్ పొగ ఉన్న వరసలోనే కూర్చోబెట్టింది. మూడేళ్లకు ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది. పరీక్ష గదిలో పెట్టినప్పుడు బుద్ధిగా ఉండి, రోడ్డెక్కాక విషం కక్కేలా కార్లలో సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, అదీ ప్రపంచవ్యాప్తంగా కోటికి పైగా కార్లలో. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మాత్రమే మరుగుదొడ్డి కడిగే హాస్టల్ వార్డెన్‌కు జర్మన్ ఇంజినీరింగ్ అబ్బితే ఇలాగే ఉంటుంది.

అలాగని ఎలక్ట్రిక్ కారు యజమానికి పొగరు తక్కువేమీ కాదు. కారు వెనక ఆకుపచ్చ స్టిక్కరు, దాని మీద ‘సున్నా కాలుష్యం’. ఆ సున్నా వెనక రామగుండం, కొత్తగూడెం పొగగొట్టాలున్నాయి. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు ముప్పాతిక వంతు బొగ్గుదే. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే కారు కిలోమీటరుకు 170 గ్రాములు వదిలినట్టు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు పోయే ఎలక్ట్రిక్ కారు, మన దేశపు సగటు కరెంటు మీద, దాదాపు వంద గ్రాములు. తక్కువే, సున్నా కాదు. బ్యాటరీ తయారీలో ముందే చేసిన అప్పు వేరే ఉంది. నడిపిన కొద్దీ తీరుతుంది. కారును సెల్లార్‌లో ముసుగేసి దాచుకునేవారి అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఈ బళ్లకు రోడ్డు పన్ను ఎత్తేసింది. దాంతో ఒక అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఒకేసారి కార్లు కొన్నారనుకోండి, ఛార్జర్ల కోసం అర్జీ పెట్టారనుకోండి. అసోసియేషన్ అత్యవసర సమావేశం సెల్లార్‌లోనే జరుగుతుంది. ‘‘మంటలొస్తే ఎవరిదండీ బాధ్యత?’’ అని ప్రెసిడెంటుగారు గట్టిగా అరుస్తారు. అరవక తప్పదు, పక్కనే జనరేటర్ మోగుతోంది. దాని పక్కన మూడు డ్రమ్ముల డీజిల్. ఒక డ్రమ్ము మీద సెక్రటరీగారు కూర్చుని మినిట్స్ రాస్తుంటారు.

తీర్మానం ఏకగ్రీవం: భద్రత దృష్ట్యా ఛార్జర్లకు కరెంటు లైను ఇవ్వబడదు. మరీ అవసరమైనవారు రాత్రి పది దాటాక జనరేటర్ నుంచి ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. అందుకు నెలకు 1,500 రూపాయలు, ‘పర్యావరణ రుసుము’ పద్దు కింద.